జావాస్క్రిప్ట్‌తో నేటివ్ యాప్ రాయడం: పాల లెక్క యాప్, మొదటి కమాండ్ నుంచి ప్లే స్టోర్ దాకా

వెబ్‌సైట్లు చేయడం వచ్చు, జావాస్క్రిప్ట్‌లో చెయ్యి తిరిగింది, ఇప్పుడు ఫోన్‌లో ఇన్‌స్టాల్ అయ్యే యాప్ చెయ్యాలి, దానికి ఆండ్రాయిడ్ కోసం కోట్లిన్, ఐఫోన్ కోసం స్విఫ్ట్ రెండూ కొత్తగా నేర్చుకోవాలా అని చాలామందికి సందేహం. అక్కర్లేదండి. మీకొచ్చిన జావాస్క్రిప్ట్‌తోనే రెండిటికీ రాయొచ్చు, అది కూడా వెబ్ పేజీని యాప్ లోపల తెరిచి చూపించడం కాదు, ఫోన్ సొంత బటన్లు, సొంత టెక్స్ట్ బాక్సులు, సొంత స్క్రోలింగ్‌తో నిజమైన యాప్. కాకపోతే ఒకటి ముందే చెప్తున్నా, భాష మీకు తెలిసిందే గానీ చోటు కొత్తది, బ్రౌజర్‌లో అలవాటైనవి కొన్ని ఇక్కడ వదిలెయ్యాలి, ఫోన్ ఎలా నడుస్తుందో కొత్తగా పట్టుకోవాలి. కొత్తగా వచ్చినవాళ్ళు ఇబ్బంది పడేది అక్కడే, అందుకే ఇందులో ఎక్కువ దాని గురించే రాస్తున్నా.

ముందు లోపల ఏం జరుగుతుందో

2009లో ఫోన్‌గ్యాప్ వచ్చింది, తర్వాత అదే కార్డోవా అయింది. అది చేసే పని ఏంటంటే ఒక వెబ్ పేజీని ఫోన్‌లోని వెబ్‌వ్యూలో (యాప్ లోపల ఉండే చిన్న బ్రౌజర్) తెరిచి దాన్నే యాప్‌గా ప్యాక్ చేయడం. ఇప్పటికీ అయానిక్, కెపాసిటర్ లాంటివి ఆ దారిలోనే ఉన్నాయి, ఫారాలు నింపించే చిన్న యాప్‌లకి అది సరిపోతుంది కూడా. ఫేస్‌బుక్ కూడా మొదట్లో హెచ్‌టీఎంఎల్5 మీదే ఎక్కువ ఆధారపడింది, అది పొరపాటు నిర్ణయమని 2012లో జుకర్‌బర్గే బహిరంగంగా అన్నాడు. 2013లో వాళ్ళు వెబ్ పేజీల తెరలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్‌ని ఓపెన్ సోర్స్ చేశారు, 2015 మార్చిలో అదే పద్ధతిలో ఫోన్ యాప్‌లు రాసే రియాక్ట్ నేటివ్‌ని ఐఫోన్‌కి, అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆండ్రాయిడ్‌కి బయటపెట్టారు. నేటివ్‌స్క్రిప్ట్ కూడా 2015లోనే వచ్చింది, అందులో జావాస్క్రిప్ట్ నుంచి నేరుగా ఆండ్రాయిడ్, ఐఓఎస్ ఏపీఐలని పిలవొచ్చు, మంచి ఆలోచనే, కానీ లైబ్రరీలు దొరకాలన్నా సాయం దొరకాలన్నా రియాక్ట్ నేటివ్ దగ్గరే ఎక్కువ కాబట్టి నేను దాన్నే తీసుకుంటున్నా.

రియాక్ట్ నేటివ్‌లో మీరు వ్యూ అని రాస్తే ఆండ్రాయిడ్‌లో ఒక వ్యూగ్రూప్, ఐఫోన్‌లో ఒక యూఐవ్యూ తయారవుతాయి, టెక్స్ట్‌ఇన్‌పుట్ అని రాస్తే ఆండ్రాయిడ్‌లో అసలు ఎడిట్‌టెక్స్టే వస్తుంది. మీ జావాస్క్రిప్ట్ ఒక థ్రెడ్ (విడిగా నడిచే పనుల వరస) మీద నడుస్తుంది, తెర మీద గీసే పని ఇంకో థ్రెడ్ మీద. పాత పద్ధతిలో ఈ రెండూ ఒకరికొకరు చీటీలు రాసి పంపుకున్నట్టు జేసన్ మెసేజ్‌లతో మాట్లాడుకునేవి, దాన్నే బ్రిడ్జ్ అనేవాళ్ళు, మెసేజ్‌లు ఎక్కువైతే యాప్ తడబడేది. ఇప్పుడు జేఎస్ఐ అని ఒక పొర వచ్చి జావాస్క్రిప్ట్ నుంచి సీ ప్లస్ ప్లస్ ఆబ్జెక్టులని నేరుగా పట్టుకునే వీలిచ్చింది, ఈ కొత్త ఆర్కిటెక్చర్ 2024 అక్టోబర్‌లో వచ్చిన 0.76 వెర్షన్ నుంచి డిఫాల్ట్. జావాస్క్రిప్ట్‌ని నడిపే ఇంజిన్ పేరు హెర్మీస్, అది మీ కోడ్‌ని బిల్డ్ చేసేటప్పుడే బైట్‌కోడ్‌గా (ఇంజిన్ నేరుగా నడపగలిగే రూపం) మార్చేస్తుంది, అందుకే తక్కువ ర్యామ్ ఫోన్‌లో కూడా యాప్ త్వరగా తెరుచుకుంటుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేమ్‌కి దొరికే టైమ్ సుమారు 16.67 మిల్లీసెకన్లు. మీరు జావాస్క్రిప్ట్‌లో ఒక పెద్ద లూప్ పెట్టి అర సెకను లెక్కలు చేస్తుంటే అంతసేపూ వేలితో నొక్కినా యాప్ పలకదు, స్క్రోల్ మాత్రం నడుస్తూ ఉంటుంది, ఎందుకంటే అది వేరే థ్రెడ్. ఈ ఒక్క సంగతి గుర్తుంటే తర్వాత వచ్చే సమస్యలు ఎక్కడినుంచి వస్తున్నాయో మీకే అర్థమవుతుంది.

ఏం చేద్దాం

టు-డూ లిస్ట్ యాప్‌లు అందరూ చేస్తారు, చేసి పక్కన పడేస్తారు. మనం ఇంట్లో రోజూ వాడేది చేద్దాం, పాల లెక్క. వాడిక పాలు పోయించుకునే ఇళ్ళల్లో క్యాలెండర్ మీద గీతలు పెడతారు కదా, ఈరోజు లీటరు, రేపు అర లీటరు, ఎల్లుండి పాలబ్బాయి నాగా, పండగకి రెండు లీటర్లు ఎక్స్‌ట్రా, నెలాఖరున కూర్చుని లెక్కపెట్టి డబ్బులివ్వడం. ఆ పని చేసే యాప్. చూడ్డానికి చిన్నదే గానీ తేదీలు, డబ్బులు, స్టోరేజ్, తెలుగు అక్షరాలు, నోటిఫికేషన్ అన్నీ ఇందులో ఉన్నాయి, పైగా అమ్మానాన్నల చేతికిస్తే తప్పులు ఆ వారంలోనే బయటపడతాయి.

మెషీన్ సిద్ధం చేసుకోవడం

నోడ్ జేఎస్ ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే) వెర్షన్ వేసుకోండి, వీఎస్ కోడ్ ఉంటే సరే, ఫోన్‌లో ప్లే స్టోర్ నుంచి ఎక్స్‌పో గో యాప్ ఇన్‌స్టాల్ చేస్కోండి. ఎక్స్‌పో అనేది రియాక్ట్ నేటివ్ చుట్టూ కట్టిన ఫ్రేమ్‌వర్క్, 2024 నుంచి రియాక్ట్ నేటివ్ టీమే కొత్తవాళ్ళని ఇలాంటి ఫ్రేమ్‌వర్క్‌తో మొదలుపెట్టమంటోంది, కాబట్టి ఎక్స్‌పో వాడితే తక్కువ రకం అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

టెర్మినల్ తెరిచి ఎన్‌పీఎక్స్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి క్రియేట్-ఎక్స్‌పో-యాప్ అని మధ్యలో హైఫన్లతో కొట్టి, ప్రాజెక్ట్ పేరు ఇచ్చి, చివర రెండు హైఫన్లతో టెంప్లేట్ బ్లాంక్ అని పెట్టండి. టెంప్లేట్ చెప్పకపోతే ట్యాబ్‌లు, రూటర్, టైప్‌స్క్రిప్ట్ అన్నీ ఉన్న పెద్ద ప్రాజెక్ట్ వస్తుంది, మొదటిసారి చూసేవాళ్ళకి ఏది ఎందుకుందో తెలీక గందరగోళం. బ్లాంక్ అయితే యాప్ డాట్ జేఎస్ అని ఒక్క ఫైల్ ముందుంటుంది, అక్కడే రాయడం మొదలుపెట్టొచ్చు. ఇక ఎన్‌పీఎక్స్ ఎక్స్‌పో స్టార్ట్ అంటే టెర్మినల్‌లో క్యూఆర్ కోడ్ వస్తుంది, ఎక్స్‌పో గోతో స్కాన్ చేస్తే మీ యాప్ ఫోన్‌లో తెరుచుకుంటుంది. ల్యాప్‌టాప్, ఫోన్ రెండూ ఒకే వైఫైలో ఉండాలి. హాస్టల్, ఆఫీస్ వైఫైలో పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా ఆపేస్తారు చాలాచోట్ల, అప్పుడు స్టార్ట్ కమాండ్ చివర టనెల్ అనే ఆప్షన్ ఇవ్వండి, లేదంటే ఫోన్ హాట్‌స్పాట్‌కే ల్యాప్‌టాప్‌ని కలపండి.

విండోస్ వాళ్ళకి ఒక మాట. ప్రాజెక్ట్‌ని డెస్క్‌టాప్‌లో నాలుగు ఫోల్డర్ల లోపల పెట్టకండి, సీ డ్రైవ్‌లోనే నేరుగా చిన్న పేరున్న ఫోల్డర్‌లో పెట్టండి, పేరులో స్పేస్‌లు వద్దు. విండోస్‌లో ఫైల్ పాత్‌కి 260 అక్షరాల పరిమితి పాతకాలం నుంచీ ఉంది, ఆండ్రాయిడ్ బిల్డ్ చేసేటప్పుడు లోపల తయారయ్యే ఫోల్డర్ల పేర్లు చాలా పొడుగు, ఆ పరిమితి దాటిందంటే వచ్చే ఎర్రర్ చూస్తే అసలు కారణం ఇదని తట్టదు.

8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌లోనే నడిచే నకిలీ ఫోన్) జోలికి వెళ్ళకపోవడమే మంచిది. సొంత ఫోన్ వాడండి, సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేస్తే చాలు. నిజానికి ర్యామ్ ఎంతున్నా సరే టెస్టింగ్ మాత్రం ఒక మామూలు ధర ఫోన్‌లో చెయ్యండి, ఇంట్లో డ్రాయర్‌లో పడున్న పాత ఫోన్ ఉంటే ఇంకా మంచిది, మీ యాప్ వాడేవాళ్ళలో చాలామంది చేతుల్లో ఉండేది అలాంటి ఫోన్లే.

వదిలెయ్యాల్సిన బ్రౌజర్ అలవాట్లు

డివ్ లేదు, స్పాన్ లేదు, డాక్యుమెంట్ లేదు, విండో సైజు పట్టుకుని సీఎస్ఎస్ మీడియా క్వెరీ రాయడం లేదు. డివ్ స్థానంలో వ్యూ, అక్షరాలు ఏవైనా టెక్స్ట్ లోపలే ఉండాలి. వ్యూలో నేరుగా ఒక్క పదం రాసినా ఎర్రర్ చూపించే ఎర్ర తెర వస్తుంది. ఇందులోనే ఇంకో చిక్కుంది, జావాస్క్రిప్ట్‌లో లిటర్స్ అనే వేరియబుల్ పక్కన రెండు అండ్ గుర్తులతో (&&) కండిషన్ పెట్టి ఏదైనా చూపించే అలవాటు అందరికీ ఉంటుంది, లిటర్స్ విలువ సున్నా అయితే ఆ సున్నానే తెర మీదకి వస్తుంది, వెబ్‌లో అయితే ఒక 0 కనపడి ఊరుకుంటుంది, ఇక్కడ టెక్స్ట్ బయట అక్షరం వచ్చిందని యాప్ ఎర్రర్ కొడుతుంది. కాబట్టి లిటర్స్ సున్నా కంటే ఎక్కువా అని పూర్తిగా రాయండి.

స్టైల్స్ జావాస్క్రిప్ట్ ఆబ్జెక్టులుగా రాయాలి, పిక్సెల్ అని రాయక్కర్లేదు, ఉత్త అంకె చాలు. అన్నీ ఫ్లెక్స్‌బాక్సే, కానీ వెబ్‌లో ఫ్లెక్స్ డైరెక్షన్ డిఫాల్ట్ రో, ఇక్కడ కాలమ్. ఇంకోటి, తల్లి వ్యూలో పెట్టిన ఫాంట్ రంగు, సైజు లోపలున్న టెక్స్ట్‌కి దిగిరావు, టెక్స్ట్ లోపల టెక్స్ట్ పెడితేనే వస్తాయి. అందుకే మొదటి రోజే మీ సొంత టెక్స్ట్ కాంపొనెంట్ ఒకటి రాసుకుని, ఫాంటు, సైజు, లైన్ హైట్ అందులో పెట్టి యాప్ అంతా అదే వాడండి, తర్వాత మార్చాలంటే ఒక్కచోట మారిస్తే సరిపోతుంది.

తెర పైన కెమెరా గుంత, కింద గెశ్చర్ గీత ఉన్న చోట మీ బటన్లు ఇరుక్కోకూడదు, ఆండ్రాయిడ్ 15ని టార్గెట్ చేసే యాప్‌లు ఆ ఫోన్లలో అంచు నుంచి అంచు దాకా పరుచుకుంటాయి కాబట్టి ఇది ఇప్పుడు తప్పనిసరి. సేఫ్-ఏరియా-కాంటెక్స్ట్ లైబ్రరీ వేసుకోండి. లైబ్రరీ ఏది వేసినా ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కాకుండా ఎన్‌పీఎక్స్ ఎక్స్‌పో ఇన్‌స్టాల్ అని వెయ్యండి, మీ ఎక్స్‌పో వెర్షన్‌కి సరిపోయే లైబ్రరీ వెర్షన్‌ని అదే చూసి తెస్తుంది, వెర్షన్లు పొసగక వచ్చే తలనొప్పి సగం అక్కడే పోతుంది.

తెర, బటన్లు

మొదటి తెర మీద ఈరోజు తేదీ, కింద పెద్ద బటన్లు: అర లీటరు, లీటరు, లీటరున్నర, నాగా. టైప్ చేయించొద్దు, పొద్దున్నే తడి చేత్తో ఫోన్ పట్టుకునేవాళ్ళకి కీబోర్డ్ తెరిపించడం అన్యాయం. బటన్‌కి ప్రెసబుల్ వాడండి, ఎత్తు కనీసం 48 ఉండేలా చూడండి. ఎక్స్‌ట్రా పాలకి మాత్రం టెక్స్ట్‌ఇన్‌పుట్ ఇచ్చి కీబోర్డ్ టైప్‌లో డెసిమల్-ప్యాడ్ పెట్టండి, అందులోంచి వచ్చేది ఎప్పుడూ స్ట్రింగే అని మర్చిపోవద్దు, నంబర్‌గా మార్చకుండా కలిపితే 1కి 1 కలిపి 11 అవుతుంది.

సేవ్ బటన్ వద్దు. బటన్ నొక్కిన క్షణమే డేటాబేస్‌లోకి వెళ్ళిపోవాలి. బ్రౌజర్ ట్యాబ్ అయితే యూజర్ మూసేదాకా ఉంటుంది అనుకుంటాం, ఫోన్‌లో మీ యాప్ వెనక్కి వెళ్ళాక ర్యామ్ చాలకపోతే ఆండ్రాయిడ్ దాన్ని చెప్పకుండా చంపేస్తుంది, స్టేట్‌లో (యాప్ నడుస్తున్నంతసేపే ఉండే విలువలు) పెట్టుకున్నవన్నీ పోతాయి.

డేటా, డబ్బులు

చిన్న సెట్టింగ్స్‌కి అసింక్‌స్టోరేజ్ చాలు. లాగిన్ టోకెన్ లాంటివి ఉంటే అందులో పెట్టకండి, ఎక్స్‌పో సెక్యూర్-స్టోర్ అని ఉంది, వాటికి అది వాడాలి. పాల లెక్కకి మాత్రం ఎక్స్‌పో-ఎస్‌క్యూలైట్ వెయ్యండి, ఫోన్‌లోనే నిజమైన డేటాబేస్, నెట్ లేకపోయినా నడుస్తుంది. ఒక్క టేబుల్ చాలు: తేదీ ప్రైమరీ కీ, పాలు మిల్లీలీటర్లలో, ఆ రోజు రేటు పైసల్లో. ఇన్సర్ట్ ఆర్ రీప్లేస్ అని రాస్తే పొరపాటున అర లీటరు నొక్కి మళ్ళీ లీటరు నొక్కినా అదే వరస మారుతుంది, రెండు వరసలు పడవు. విలువలని స్ట్రింగ్‌లో అతికించకుండా ప్రశ్నార్థకం గుర్తు పెట్టి విడిగా పంపండి.

పైసలు, మిల్లీలీటర్లు ఎందుకంటే జావాస్క్రిప్ట్‌లో 0.1 కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది, దశాంశాలని బైనరీలో దాచే పద్ధతి వల్ల. లీటరు 64 రూపాయల 50 పైసలైతే 6450 అని దాచండి, అర లీటరుని 500 అని దాచండి, రెండూ గుణించి నెలంతా కూడి చివర్లో ఒక్కసారి 1000తో భాగించండి, తెర మీద చూపించేటప్పుడే రూపాయల్లోకి మార్చండి. అర లీటరుకి 3225 పైసలు, అంటే 32 రూపాయల 25 పైసలు, ఎక్కడా తేడా రాదు.

రేటుని ప్రతి వరసలో ఎందుకు దాచమన్నానంటే నెల మధ్యలో రేటు పెరుగుతుంది. రేటుని ఒకేచోట సెట్టింగ్స్‌లో పెట్టి లెక్కకడితే ఈరోజు పెంచిన రేటు మొన్నటి పాలకి కూడా పడిపోతుంది, పాలబ్బాయికి లాభం, మీకు నష్టం, పోయిన నెల లెక్క తెరిచి చూస్తే ఇచ్చిన డబ్బుతో కలవదు.

తేదీ దగ్గర జాగ్రత్త

ఈ యాప్‌లో అన్నిటికంటే పెద్ద గండం ఇదే, వెబ్‌లో ఎన్నేళ్ళు పనిచేసినా ఎదురుపడకపోవచ్చు. ఈరోజు తేదీ కావాలంటే చాలామంది టు-ఐఎస్ఓ-స్ట్రింగ్ పిలిచి మొదటి పది అక్షరాలు కోసేస్తారు. అది ఇచ్చేది మన తేదీ కాదు, యూటీసీ (ప్రపంచమంతటికీ ప్రామాణికమైన టైమ్) తేదీ. మన టైమ్ యూటీసీ కంటే అయిదున్నర గంటలు ముందుంది, అంటే పొద్దున 5:30 లోపు ఆ కోడ్ నిన్నటి తేదీ ఇస్తుంది. పాలు వచ్చేది ఎప్పుడు? సరిగ్గా అప్పుడే. అయిదింటికి పాలు పోయించుకుని బటన్ నొక్కితే నిన్నటి వరస మీద పడుతుంది, ఇన్సర్ట్ ఆర్ రీప్లేస్ కదా, నిన్నటి లెక్క చెరిగిపోతుంది. మీరు పగలు పదకొండింటికి టెస్ట్ చేస్తారు, అంతా బాగానే కనపడుతుంది. డాలస్‌లో ఉన్న మనవాళ్ళు ఇదే కోడ్ వాడితే వాళ్ళకి ఉల్టా, సాయంత్రం దాటాక రేపటి తేదీ వస్తుంది.

సరైన దారి ఏంటంటే గెట్-ఫుల్-ఇయర్, గెట్-మంత్, గెట్-డేట్ మూడూ విడిగా తీసుకుని మీరే స్ట్రింగ్ కట్టుకోవడం, ఇవి ఫోన్ లోకల్ టైమ్ ప్రకారం ఇస్తాయి. గెట్-మంత్ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి 1 కలపాలి, ఒక్క అంకె ఉన్న నెలకి, రోజుకి ప్యాడ్‌స్టార్ట్‌తో ముందు సున్నా పెట్టాలి, అలా పెడితేనే డేటాబేస్‌లో తేదీలు వరసగా సార్ట్ అవుతాయి. ఈ పనికి చిన్న ఫంక్షన్ రాసి యాప్ మొత్తంలో దాన్నే పిలవండి. రాశాక ఫోన్ గడియారాన్ని పొద్దున అయిదింటికి తిప్పి ఒకసారి, రాత్రి పదకొండున్నరకి తిప్పి ఒకసారి నొక్కి చూడండి.

ఇంకోటి ఉంది. యాప్‌ని రాత్రి తెరిచి మూయకుండా హోమ్ బటన్ నొక్కి పడుకుంటారు, పొద్దున మళ్ళీ తెరిస్తే అది కొత్తగా మొదలవదు, రాత్రి ఎక్కడుందో అక్కడినుంచే వస్తుంది, మీ స్టేట్‌లో ఉన్న తేదీ నిన్నటిదే. వెబ్‌లో పేజీ రీలోడ్ అవుతుంది కాబట్టి ఈ ఆలోచన రాదు. యాప్‌స్టేట్ అనే మాడ్యూల్ వాడి, యాప్ యాక్టివ్ అయిన ప్రతిసారీ తేదీని మళ్ళీ లెక్కకట్టండి.

తెలుగు అక్షరాలు

ఇంగ్లీషు యాప్ చేసేవాళ్ళు రాసిన గైడ్లలో ఇది ఉండదు. తెలుగులో పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి, ఇంగ్లీషుకి సరిపోయే లైన్ హైట్ పెడితే "స్త్రీ", "క్రొత్త" లాంటి మాటల్లో పైనో కిందో కోసుకుపోతుంది. ఫాంట్ సైజు 16 ఉంటే లైన్ హైట్ 26, 28 దాకా ఇవ్వండి, లేదా అసలు ఇవ్వకుండా వదిలెయ్యండి. బటన్లకి ఎత్తు ఫిక్స్ చెయ్యకండి, మిన్-హైట్ పెట్టి లోపల ప్యాడింగ్ ఇవ్వండి, ఎందుకంటే పెద్దవాళ్ళు ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచుకుని వాడతారు, మీ యాప్‌లో అక్షరాలు కూడా పెరుగుతాయి. ఫాంట్ స్కేలింగ్ ఆపేసే ఆప్షన్ ఉంది గానీ దయచేసి అది వాడకండి, వాళ్ళు చూడలేకే కదా పెంచుకున్నారు.

సొంత ఫాంట్ పెట్టాలంటే నోటో సాన్స్ తెలుగు ఉంది, ఎక్స్‌పో-ఫాంట్‌తో లోడ్ చెయ్యొచ్చు, బోల్డ్ కావాలంటే బోల్డ్ ఫైల్‌ని వేరే పేరుతో లోడ్ చేసి ఆ పేరే వాడండి. స్ట్రింగ్‌లని కోసేటప్పుడు కూడా చూసుకోవాలి. "శ్రీ" మనకి ఒక్క అక్షరం, జావాస్క్రిప్ట్‌కి దాని లెంగ్త్ 4. పాలబ్బాయి పేరులో మొదటి అక్షరం గుండ్రంగా చూపిద్దామని శ్రీను పేరులో మొదటిది తీస్తే "శ" మిగులుతుంది, రెండు తీస్తే "శ్" అని సగంలో ఆగుతుంది. అక్షరం బదులు ఏదైనా బొమ్మ పెట్టేయడం సులువు. డబ్బులు చూపించడానికి జావాస్క్రిప్ట్‌లోని ఇంటర్నేషనల్ (Intl) నంబర్ ఫార్మాట్‌కి తెలుగు-ఇండియా లొకేల్ ఇస్తే 1,25,000 అని మన పద్ధతిలోనే కామాలు పడతాయి.

నెల లెక్క, పంపడం, గుర్తుచేయడం

నెల తెరలో ముప్పై వరసలే కాబట్టి స్క్రోల్‌వ్యూ పెట్టినా నడుస్తుంది, కానీ ఏడాది మొత్తం చూపించాలంటే ఫ్లాట్‌లిస్ట్ వాడాలి, అది తెర మీద కనపడే వరసలు, వాటి చుట్టుపక్కలవి మాత్రమే తయారుచేస్తుంది, స్క్రోల్‌వ్యూ అన్నీ ఒకేసారి చేస్తుంది. ఒక్కో వరసని విడిగా గుర్తుపట్టే కీ ఎక్స్‌ట్రాక్టర్‌కి తేదీ ఇచ్చేయండి. స్క్రోల్ తడబడుతోంది అనిపిస్తే ముందు రిలీజ్ బిల్డ్‌లో చూడండి, డెవలప్‌మెంట్ మోడ్‌లో అన్నీ నెమ్మదిగానే ఉంటాయి, అది చూసి కోడ్ తిరగరాయడం మొదలుపెట్టొద్దు.

రియాక్ట్ నేటివ్‌లోనే షేర్ అని ఒక మాడ్యూల్ ఉంది, దానికి ఒక మెసేజ్ ఇస్తే ఫోన్ షేర్ షీట్ తెరుచుకుంటుంది, అందులోంచి వాట్సాప్‌కి పంపొచ్చు. మొత్తం ఎన్ని లీటర్లు, ఎన్ని నాగాలు, ఎంత డబ్బు అని నాలుగు లైన్లు తయారుచేసి పాలబ్బాయికి పంపిస్తే ఇద్దరి దగ్గరా ఒకే లెక్క ఉంటుంది. బ్యాకప్‌కి కూడా ఇదే దారి, యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఎస్‌క్యూలైట్ ఫైల్ కూడా పోతుంది కదా.

మర్చిపోకుండా రోజూ గుర్తుచేయడానికి ఎక్స్‌పో-నోటిఫికేషన్స్‌తో లోకల్ నోటిఫికేషన్ పెట్టొచ్చు, సర్వర్ అక్కర్లేదు. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కి కూడా యూజర్ అనుమతి అడగాలి. యాప్ తెరవగానే అడగొద్దు, ఎందుకో తెలీక కాదంటారు, ఒకటి రెండుసార్లు కాదన్నాక ఆండ్రాయిడ్ మళ్ళీ అడగనివ్వదు, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఇవ్వాల్సిందే. గుర్తుచెయ్యి అనే స్విచ్ వాళ్ళే ఆన్ చేసినప్పుడు అడగండి.

రేపు ఈ డేటాని సర్వర్‌లో కూడా పెట్టాలనుకుంటే రెండు సంగతులు. ఫోన్‌లో లోకల్‌హోస్ట్ అంటే ఆ ఫోనే, మీ ల్యాప్‌టాప్ కాదు, ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ ఇవ్వాలి, ఎమ్యులేటర్‌లో అయితే 10.0.2.2. రెండోది, ఆండ్రాయిడ్ 9 నుంచి మామూలు హెచ్‌టీటీపీ డిఫాల్ట్‌గా బంద్, డెవలప్‌మెంట్‌లో నడిచిన కాల్ రిలీజ్ బిల్డ్‌లో ఫెయిల్ అవుతుంటే ముందు అదే చూడండి, సర్వర్‌కి హెచ్‌టీటీపీఎస్ పెట్టండి.

బిల్డ్, ప్లే స్టోర్

ఎక్స్‌పో గో అనేది నేర్చుకోవడానికి, చూసుకోవడానికి. అందులో ముందే ఉన్న నేటివ్ లైబ్రరీలే పనిచేస్తాయి, బయటి లైబ్రరీ ఏదైనా నేటివ్ కోడ్ ఉన్నది వేస్తే డెవలప్‌మెంట్ బిల్డ్ చేసుకోవాలి. బిల్డ్‌కి రెండు దారులు. ల్యాప్‌టాప్‌లోనే చెయ్యాలంటే ఆండ్రాయిడ్ స్టూడియో, జేడీకే 17, ఆండ్రాయిడ్ హోమ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అన్నీ సెట్ చేసుకోవాలి. అది వద్దంటే ఈఏఎస్ బిల్డ్ అని ఎక్స్‌పో వాళ్ళ క్లౌడ్ సర్వీస్ ఉంది, ఫ్రీ ప్లాన్‌లో క్యూలో ఆగాల్సి రావచ్చు గానీ చిన్న ల్యాప్‌టాప్ వాళ్ళకి అదే నయం. ప్రివ్యూ ప్రొఫైల్‌లో ఏపీకే (ఫోన్‌లో నేరుగా ఇన్‌స్టాల్ అయ్యే ఫైల్) అని పెట్టుకుంటే ఆ ఫైల్ ఇంట్లోవాళ్ళకి పంపి ఇన్‌స్టాల్ చేయించొచ్చు, ప్లే స్టోర్‌కి మాత్రం ఏఏబీ (ఆండ్రాయిడ్ యాప్ బండిల్) ఫైల్ కావాలి, 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకి అదే రూల్.

యాప్ డాట్ జేసన్‌లో ప్యాకేజ్ నేమ్ ఆలోచించి పెట్టండి, ఒకసారి ప్లే స్టోర్‌లోకి వెళ్ళాక మార్చడం కుదరదు. వెర్షన్ కోడ్ ప్రతి అప్‌లోడ్‌కి పెరగాలి. రిలీజ్ బిల్డ్ తెరవగానే క్రాష్ అయితే ఎర్ర తెర రాదు, ఉత్తినే మూసుకుపోతుంది, అప్పుడు ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపి ఏడీబీ లాగ్‌క్యాట్ (ఫోన్ లాగ్‌లని ల్యాప్‌టాప్‌లో చూపించే కమాండ్) చూడండి, కారణం అక్కడే ఉంటుంది.

ప్లే స్టోర్ డెవలపర్ అకౌంట్‌కి 25 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు. ఆపిల్‌కి ఏడాదికి 99 డాలర్లు. ఐఫోన్ బిల్డ్‌కి మామూలుగా మ్యాక్, ఎక్స్‌కోడ్ కావాలి, ఈఏఎస్ వాడితే మ్యాక్ లేకుండా బిల్డ్ అవుతుంది గానీ ఆపిల్ అకౌంట్ ఫీజు తప్పదు, కాబట్టి మొదట ఆండ్రాయిడ్‌లో వదిలి, వాడేవాళ్ళు అడిగితే అప్పుడు ఐఫోన్ సంగతి చూడండి. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన పర్సనల్ ప్లే అకౌంట్ అయితే అందరికీ విడుదల చేసే ముందు క్లోజ్డ్ టెస్టింగ్ చెయ్యాలి, కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు అందులో ఉండాలి, మొదట్లో 20 మంది అనేవాళ్ళు, 2024 డిసెంబర్‌లో తగ్గించారు. దీనికి డబ్బులు తీసుకుని టెస్టర్లని ఇస్తామనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి, పాలు పోయించుకునే పన్నెండు ఇళ్ళు మీ వీధిలోనే ఉంటాయి, వాళ్ళతో వాడిస్తే మీకు నిజమైన తప్పులు తెలుస్తాయి. ప్రైవసీ పాలసీ లింక్, డేటా సేఫ్టీ ఫారం రెండూ కావాలి, డేటా ఏమీ తీసుకోకపోయినా ఆ ఫారం నింపాల్సిందే.

విడుదల అయ్యాక చిన్న తప్పు దొరికితే ప్రతిసారీ స్టోర్ రివ్యూ కోసం ఆగక్కర్లేదు, జావాస్క్రిప్ట్ వరకు మారిన మార్పుని ఈఏఎస్ అప్‌డేట్‌తో నేరుగా ఫోన్లకి పంపొచ్చు. కొత్త నేటివ్ లైబ్రరీ వేసినా, పర్మిషన్ కలిపినా, ఎక్స్‌పో వెర్షన్ మార్చినా అది కుదరదు, కొత్త బిల్డ్ చేసి స్టోర్‌కి పంపాలి, రన్‌టైమ్ వెర్షన్ (ఏ నేటివ్ బిల్డ్‌కి ఏ అప్‌డేట్ సరిపోతుందో చెప్పే గుర్తు) కూడా మార్చాలి, లేకపోతే పాత నేటివ్ కోడ్ ఉన్న ఫోన్‌లోకి కొత్త జావాస్క్రిప్ట్ వెళ్ళి యాప్ తెరుచుకోకుండా పోతుంది. ఇక డేటాబేస్ టేబుల్‌లో కొత్త కాలమ్ కలిపేటప్పుడు, యాప్ తెరుచుకోగానే ఎస్‌క్యూలైట్ యూజర్ వెర్షన్ నంబర్ చూసి, పాతదైతే ఆల్టర్ టేబుల్ నడిపి నంబర్ పెంచే కోడ్ ముందు రాయండి, పాత యాప్‌లో నెల రోజుల లెక్క ఉన్న ఫోన్ మీద ఆ అప్‌డేట్ వేసి, పాత వరసలన్నీ అలాగే ఉన్నాయని చూసుకున్నాకే అందరికీ పంపండి.